ఒకే పేరున్న రెండు కార్డులు

మిరపచేలో తేలు కుడితే చెప్పు తీసి దాన్ని కొట్టాకే ఇంటికొచ్చిన మనిషిని నేను. అలాంటిదాన్ని ఆ ఎండాకాలమంతా లాప్‌టాప్ తెర మూలన విసనకర్రలా ఉండే చిన్న వైఫై గుర్తును చూసి వణికాను.

పనిచేసిన జూనియర్ కాలేజీ మూతపడ్డాక నాకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే, ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ గ్రామర్ చెప్పడం. ఈ వయసులో నన్ను పిలిచి ఇంకో ఉద్యోగం ఇచ్చేవాళ్లెవరు? కంపెనీ వాళ్లకి ఒక నియమముంది. నెలలో మూడుసార్లు టీచరు క్లాసు మధ్యలో మాయమైతే ఆ బ్యాచ్ ఇంకొకరికి పోతుంది. ఆ నెల నేను అప్పటికే రెండుసార్లు మాయమయ్యాను. విసనకర్ర ఆరిపోయేది, పిల్లల మొహాలు బిగుసుకుపోయేవి, నా గొంతు నాకే వినపడుతూ ఉండేది. మూడోసారి ఎప్పుడోనని, నోరు పాఠం చెబుతున్నా కళ్లు మూలనే ఉండేవి.

ముందు ఫైబర్ లైను వాళ్లతో పోట్లాడాను. వచ్చిన మనిషి తన ఫోను చూపించి, లైను శుభ్రంగా ఉంది, తేడా మీ లాప్‌టాప్‌లోనే అన్నాడు. నేను నమ్మలేదు. పక్కవాటాలో ఉండే తోటికోడలి లాప్‌టాప్ తెచ్చి అదే బల్ల మీద పెట్టాను. మూత మీద పేరు ఒకటే, రంగు ఒకటే, ఇద్దరం కొన్నది ఒకే షాపులో, ఆరు నెలల తేడాతో. ఆమెదాంట్లో గంటసేపు ఆ గుర్తు చెక్కుచెదరలేదు. రెండింటి లోపలి వివరాలు తెరిచి పక్కపక్కన చూస్తే, వైర్‌లెస్ కార్డు అన్న చోట ఒక్కోదానికి ఒక్కో కంపెనీ పేరుంది. ఒకే పేరుతో అమ్మే లాప్‌టాపుల్లో కూడా ఏ విడతకి ఏ కార్డు దొరికితే అది పెడతారని నాకప్పుడే తెలిసింది. నా వంతుకి వేడెక్కితే చేతులెత్తేసే రకం వచ్చింది.

అయితే ఆమె కార్డు నంబరు రాసుకుని అదే తెప్పించుకుంటే పోలేదా అనుకున్నాను. మా వైపు విత్తనాలు కొనేది కూడా అలాగే. పక్క చేలో కాపు బాగుంటే ఏం వేశావని అడిగి అదే తెచ్చి వేస్తారు. ఎమ్మే చదివి నేనూ అదే చేశాను.

కార్డు వచ్చింది. బొటనవేలంత ఉంది. మా ఆయన దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. కాపు చేతికొచ్చేదాకా ఖాళీ విత్తనాల ప్యాకెట్లను రేకుపెట్టెలో దాచిపెట్టే మనిషాయన. ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడడు, వెనక ఏ విడత సరుకో చెప్పే లాట్ నంబరు చూస్తాడు.

"దీనికి లాట్ నంబరు లాంటిదేమన్నా ఉందా?"

"ఇదేమన్నా పత్తిగింజా? తోటికోడలిదీ నాదీ ఒకటే లాప్‌టాపు. కళ్లు కనపడట్లా?"

"మొన్న తమ్ముడూ మనమూ వేసింది ఒకే పేరు మిరప కదే. వాడికేమో కాయ, మనకేమో ఆకు."

"మీ మిరపకాయలు చేలో పెట్టుకోండి. ఇక్కడ టార్చి పట్టుకోండి చాలు."

శుక్రవారం పొద్దున వీడియో చూస్తూ మరలు విప్పాను. సాయంత్రం నాలుగింటికి క్లాసు. పాత కార్డుకి నలుపూ తెలుపూ రెండు సన్నటి తీగలు ఆవగింజంత గుండీలతో తగిలించి ఉన్నాయి. ఊపిరి బిగబట్టి ఊడదీశాను. కొత్త కార్డు అదే గాడిలో, దానికోసమే పుట్టినట్టు కూర్చుంది. ఆన్ చేశాను. మూలన విసనకర్ర లేదు. లోపలి వివరాల్లో వైర్‌లెస్ కార్డు అన్న మాటే లేదు. ఆపి మళ్లీ పెట్టాను, లేదు. పోనీ పాతదే పెట్టేద్దామని కంగారుగా తీగ నొక్కితే వేలి కింద గుండీ నలిగింది. చప్పుడు కూడా కాలేదు. అడిగి తెచ్చుకుందామంటే తోటికోడలు ఆవేళ లాప్‌టాప్‌తో సహా ఊరెళ్లింది.

ఆయన ఏమన్నా అంటే పోట్లాడైనా ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఆయన నేరుగా వెళ్లి బండి బయటికి తీశాడు.

గుంటూరు దాకా గోనె టిక్కీల్లో మిరప నింపుకుపోతున్న లారీ వెనకే పోయాం. ఘాటుకి తుమ్ముతూ, ఆ తుమ్ములకి లోపల ఇంకేం ఊడుతుందోనని ఒళ్లోని సంచిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. కంపెనీ వాళ్లు పంపబోయే మెయిల్‌ని మనసులో వాళ్ల ఇంగ్లిష్‌లోనే రాసేసుకున్నాను. అందులో రెండు తప్పులు కూడా పట్టాను.

రిపేరు షాపు మూసి ఉంది. జుమ్మా నమాజుకెళ్లాడని పక్క టీకొట్టతను చెప్పాడు. ఇంకోరోజైతే పనివేళల గురించి నాలుగు మాటలు అనేదాన్నే. ఆవేళ మెట్టు మీద కూర్చుని, ఆయన నమాజు సుఖంగా ముగియాలని నా దేవుళ్లకి నేనూ మొక్కుకున్నాను.

రెండింటికి వచ్చాడు, నెరిసిన గడ్డం, నెమ్మదైన మనిషి. టోపీ మడిచి జేబులో పెట్టుకుని, తోటికోడలి లాప్‌టాప్‌తో సహా నా కథంతా విని, కొత్త కార్డు చూశాడు. డ్రాయర్లోంచి అలాంటిదే ఇంకోటి తీసి పక్కన పెట్టాడు. కొలత ఒకటే, కంపెనీ ఒకటే, నంబరులో చివరి అంకె తప్ప అన్నీ ఒకటే.

"చివర సున్నా ఉన్నది నిండు మనిషమ్మా. ఎక్కడ కూర్చోబెట్టినా పని చేసుకుంటది. ఒకటి ఉన్నది సగం మనిషి. మిగతా సగం ప్రాసెసర్లో ఉంటది. మీ తోటికోడలు గారి ప్రాసెసరు ఈ కంపెనీదే, అందుకని అక్కడ నడిచింది. మీది వేరే కంపెనీది. ఇక్కడ దీంతో మాట్లాడేవాళ్లు లేరు."

మరి పనిచేయనిదాన్ని అదే గాడిలో పట్టేలా ఎందుకు చేశారని వాదించాను. చేసింది నేను కాదు కదమ్మా అన్నాడు. మా ఆయన పైన ఫ్యానుకేసి చూస్తూ, "లాట్ నంబరు," అని మాత్రం అన్నాడు.

ఆ సున్నా కార్డు బోర్డు చచ్చిన ఏదో లాప్‌టాప్‌లోంచి తీసిందట. అది నాకు సరిపోతుందన్నాడు. కానీ ముందు నలిగిన గుండీని సూదితో నిలబెట్టాలి, విరిగిందా, తెర విప్పి తీగంతా మార్చాలి, అది రేపటి పని. ఆయన భూతద్దం కింద సూది పెట్టగానే నేను వీధివైపు తిరిగి కూర్చున్నాను. చూడలేకపోయాను. ఎదురుగా ఎవరో చెరకు రసం తాగుతున్నారు. వాళ్లకి ఏ భయమూ లేదని ఒళ్లు మండింది.

"చూడండమ్మా."

మూలన విసనకర్ర ఉంది. టైము మూడూ ఇరవై. ఇంటికి గంట దారి. షాపు వెనక పాత మానిటర్ల మధ్య స్టూలు వేసి, తన వైఫై పాస్‌వర్డు కొట్టి ఇచ్చాడు. ఇస్తూ, ఇంట్లో ఫోనుకి వైఫై కలిపి, ఆ ఫోన్ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించినా ఇవాళ్టికి గడిచిపోయేదే కదా అన్నాడు. విననట్టు పక్క మానిటరు మీది దుమ్ము కొంగుతో తుడవడం మొదలుపెట్టాను. మా ఆయన ఆ దృశ్యాన్ని తనివితీరా చూశాడు.

నాలుగింటికి ప్యాసివ్ వాయిస్ మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం రాసి మూలకి చూడటం, ఇంకోటి రాసి మళ్లీ చూడటం. ఎవరు ఏం తప్పు చెప్పినా సరేనంటూ దిద్దాను. ఐదయ్యేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. అందరూ వెళ్లిపోతుంటే ఒంగోలు పిల్ల ఒకతె ఆగింది.

"మేడమ్, ఇవాళ మీరు ఎవర్నీ తిట్టలేదు. జొరమొచ్చిందా?"

రేపు తిడతాలే అన్నాను. అంటున్నప్పుడు కూడా నా కళ్లు మూలనే ఉన్నాయి.