అప్పలసూరి ఊదామూతి

విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కుదురుకున్న అప్పలసూరి నిప్పుకు భయపడేవాడు కాదు. భార్య పైడమ్మ నోటికి భయపడేవాడు. ఆ నోట్లోనూ నిప్పే ఉండేది. వాళ్ల వైపు ఆడవాళ్ల అలవాటు ప్రకారం ఆవిడ చుట్ట వెలిగించిన కొసను లోపల పెట్టుకుని అడ్డపొగ తాగేది.

పంతొమ్మిది వందల అరవై నాలుగు వానాకాలంలో ఆ నోరు మూతపడింది. నాలుక మీదా, బుగ్గల లోపలా విరిగిన పాలలాంటి తెల్లపూత. గంజి కూడా దిగక మనిషి సగమైపోయింది.

"చక్కెరజబ్బు ముదిరి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పోయిందమ్మా. అందుకే నోట్లో బూజు పట్టింది," అన్నాడు కర్మాగారం ఆసుపత్రి డాక్టరు ధర్మారావు.

"నిప్పెట్టుకునే నోట్లో బూజేటి బాబూ? తవుఁరు డాక్టరేనా?" అంది పైడమ్మ.

ఆయన చక్కెరకు సూదిమందు మొదలుపెట్టి, నోటికి ఊదారంగు మందు పూసి, సీసా చేతికిచ్చి, రోజూ పూసుకోమనీ చుట్ట మానమనీ చెప్పాడు. గడప దాటగానే పైడమ్మ కొంగుతో నోరంతా తుడిచేసుకుంది.

"ఈ ఊదా మూతేసుకుని కుళాయి కాడికెల్తే అందరూ నవ్వరేటి? సచ్చినా పూసుకోను."

చావు మాట ఆవిడ ఊరికే అంది గానీ అప్పలసూరి దాన్ని ఊరికే తీసుకోలేకపోయాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే పస్తుంటే పైడమ్మ నిజంగానే దక్కదు. బతిమాలాడు, కసిరాడు, చుట్టలు దాచాడు. ఆవిడ చలించలేదు. చివరికి ఆ మందు తన మూతికే దట్టంగా పూసుకున్నాడు.

"ఒలే, నవ్వితే ఇద్దర్నీ సూసి నవ్వుతారు," అన్నాడు.

పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అతను అలాగే డ్యూటీకి పోయాడు.

ఓవెన్ల గ్యాసు పీలిస్తే పెదాలు నీలమవుతాయని కార్మికులకు నూరిపోసిన రోజులవి. ఫోర్‌మన్ గురునాథరావు ఆ మూతి చూసి, గ్యాసు పట్టేసిందని అందరికీ తెలిసేలా "గ్యాస్ లగ్ గయా!" అని హిందీలో కేకపెట్టాడు.

"నాకేటీ అవ్వనేదు భయ్యా, ఇది మందు! మా ఆడది నోట్లో ఏసుకోవాల్సింది!" అన్నాడు అప్పలసూరి.

గ్యాసు తలకెక్కింది, పిచ్చిమాటలు మొదలయ్యాయి అనుకున్నారు. పెనుగులాడితే ఫిట్స్ అనుకున్నారు. స్ట్రెచర్‌కు కట్టి కర్మాగారం ఆసుపత్రికి మోసుకుపోయి మూతికి ఆక్సిజన్ తొడుగు పెట్టారు. ఇక మాట్లాడే యోగం కూడా లేదు.

కబురు విని పైడమ్మ పక్కింటి నూకాలమ్మ భుజం పట్టుకుని వచ్చింది. మంచానికి కట్టేసిన మొగుణ్ణీ, తొడుగు కింద ఊదామూతినీ చూసింది. అది గ్యాసు కాదని అక్కడ ఆవిడకొక్కదానికే తెలుసు. నవ్వబోతే నోరు మండింది. ఆపుకోలేక ఏడ్చేసింది.

"ఓరి ఎర్రినాయనా, నా గురించి ఇంత పని సేసినావా?"

వెళ్లి ధర్మారావు ఎదుట కూర్చుని నోరు తెరిచింది. మందు పూశాక పెదాలు తుడుచుకోలేదు.

"ఆ కట్లు ఇప్పించండి బాబూ, అది గేసు కాదు, నా మందే," అంది. "నాకు రవ్వంత గెంజి పోయించండి. ఈ మనిసిని ఇంటికి తీసుకెల్లాల, ఓపిక ఉండాల గదా."