పట్టపగలు నాటిన కాఫీ

మా అన్న సాతుర్నీనో విషజ్వరంతో పోయాడని సమాధి దగ్గర పాదిరీగారు చెప్పారు. తవ్విపోసిన మట్టి పక్కన నిలబడి ఉన్న మా వదిన ఉబల్దీనా తలెత్తి, "జ్వరం కాదు ఫాదర్, మొంకాదా" అంది. పాదిరీగారు వినిపించనట్టే ప్రార్థన చదువుకుంటూ పోయారు. మగవాళ్లు చేతుల్లో ఉన్న గడ్డి టోపీల వంక చూసుకున్నారు.

మొంకాదా అంటే మోంతెబెయో ఎస్టేటు మేనేజరు. బొగొతా నుంచి మాగ్దలేనా నది వైపు దిగే కొండల్లో, చలి తగ్గి అరటి మొదలయ్యే ఎత్తున, ఎటు చూసినా ఆ ఎస్టేటు కాఫీయే. దొర దోన్ లెయోనీదాస్ రాజధానిలో ఉండేవాడు. మా కొండ మీద దొరా, జడ్జీ, జైలరూ అన్నీ మొంకాదాయే. మేం అక్కడి కౌలుదార్లం. గుడిసె వేసుకోవడానికీ, ఇంత మొక్కజొన్న, కర్రపెండలం వేసుకోవడానికీ ఏటవాలులో ఓ నేలచెక్క ఇచ్చేవాళ్లు. అందుకు బదులు నెలలో సగం ఎస్టేటు తోటలో ఊడిగం చేయాలి.

మా చెక్కల్లో ఏదైనా వేసుకోవచ్చు, కాఫీ తప్ప. మొక్కజొన్న కోతతో అయిపోతుంది. కాఫీ చెట్టు మనిషితో పాటు ఏళ్ల తరబడి నిలబడుతుంది. చెట్టు నాటినవాణ్ని వెళ్లగొట్టాలంటే ఆ చెట్టుకు పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉందట. అందుకే ఆ నిషేధం. ఉబల్దీనా పుట్టిన దగ్గర్నుంచీ కాఫీ మధ్యే పెరిగింది, నడక వచ్చిన దగ్గర్నుంచీ నడుముకు బుట్ట కట్టుకుని పళ్లు కోసింది, ఒక్క మొక్క మాత్రం తనదని నాటలేదు. ఇంట్లో మేం తాగేది బెల్లం నీళ్లు.

మా అన్న చేసిన నేరం ఏమిటంటే, గుడిసె వెనక, వదిన బట్టలు ఉతికి నీళ్లు పారబోసే చోట, మూడు కాఫీ మొలకలు లేచాయి. కోత నుంచి వచ్చిన పావడా మడతల్లోంచి గింజలు రాలి ఉంటాయి. కాపలావాడు చూసి చెప్పాడు. మొంకాదా కంచరగాడిద మీద వచ్చి దిగకుండానే అడిగాడు.

"ఎవడు నాటాడు?"

"ఎవరూ నాటలేదండి. వాటంతట అవే లేచాయి" అన్నాడు మా అన్న.

"కాఫీ దానంతట అదే లేచేదైతే నీతో నాకేం పని?"

ఎస్టేటులో కాఫీ ఎండబోసే కళ్లం పక్కన బొండకొయ్య ఉండేది. రెండు దుంగల మధ్య కాళ్లు పెట్టి తాళం వేస్తారు. కూర్చోవడానికి నేల తప్ప ఏమీ ఉండదు. మా అన్నను అందులో వేశారు. వానాకాలం. కళ్లంలో కాఫీ మీద టార్పాలిన్లు కప్పారు, పక్కనే ఉన్న మనిషిని మాత్రం వానకు వదిలేశారు. వదిన టార్పాలిన్ ముక్క ఒకటి తీసుకెళ్లి కప్పబోతే కాపలావాడు లాగేసి, "ఇది కాఫీకి" అన్నాడు. విడిచిపెట్టేసరికి అన్న దగ్గుతూ వణుకుతూ వచ్చాడు. మంచం మీంచి మళ్లీ లేవలేదు.

ఇది దేశంలో కన్సర్వేటివుల ప్రభుత్వం పోయి లిబరళ్లు గద్దెనెక్కిన కొత్తలో జరిగింది. లిబరళ్లు గెలిచారని తెలిసినప్పుడు మేం వాళ్ల రంగైన ఎర్ర గుడ్డలు కట్టుకుని గిటార్లు వాయించుకుంటూ ఊరంతా తిరిగాం. మా అన్న అందరికంటే ఎక్కువ తాగి అందరికంటే ఎక్కువ ఎగిరాడు. ఏం మారిందయ్యా అంటే, పోలీసుల టోపీలు మారాయి.

ఖననం అయిన వారానికి మొంకాదా వచ్చాడు.

"ఈ చెక్క నీ మొగుడి పేరు మీద ఉంది. మనిషి పోయాడు. కోత అయ్యాక ఖాళీ చెయ్యి. ఆడదానివని జాలిపడి అప్పటిదాకా ఆగుతున్నా."

"జాలి కాదు. పళ్లు కోయడానికి నా చేతులు కావాలి మీకు" అంది వదిన.

"నోరు పెరిగిందే నీకు."

"మిగిలింది అదొక్కటే. దాన్నీ తీసుకెళ్లి బొండలో పెట్టండి."

ఆ మనిషి నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంటుంది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక జనమంతా కొండదారిన ఇళ్లకు వస్తున్నారు. ఉబల్దీనా వదిన తన గుడిసె ముందు, దారికి ఎదురుగా, పలుగుతో గుంటలు తవ్వుతోంది. పక్కన తడి గోనె మీద కాఫీ నారు. ఎస్టేటు చెట్ల కింద రాలిన గింజల్లోంచి మొలిస్తే కలుపుతో పాటు పీకి పారేసేవి అవి. నేను పరుగున దగ్గరికెళ్లాను.

"వదినా, ఇదేం పని? అంతగా నాటాలనుంటే చీకటి పడ్డాక నాటుకోవచ్చుగా."

"చీకట్లో దొంగలు నాటుతారు. నేనేం దొంగతనం చేశాను?"

"మళ్లీ వస్తారు వాళ్లు."

"రానీ. ఊరికే మొలిచినవాటికి మీ అన్నను చంపారు. నాటినవాటికి ఏం చేస్తారో చూస్తాను."

దారిన పోయేవాళ్లు కొందరు నడక వేగం పెంచారు. పక్క చెక్క కౌలుదారు బెలార్మీనో తాత మాత్రం ఆగాడు. ఎస్టేటు కాఫీలో సగం ఆయన చేతి మీదుగా నాటిందే. కాసేపు చూసి, "ఆ గుంట చాలదమ్మా, వేరు వంగిపోతుంది" అని, చొక్కా విప్పి కంప మీద వేసి పలుగు అందుకున్నాడు. మర్నాడు తన చెక్కలోనూ నాటాడు. వానలు వెనకబట్టేలోపు కొండకు ఈవల గుడిసెల్లో కాఫీ మొక్క లేని గుమ్మం వెతికితే దొరకడం కష్టమైంది.

అదే రోజుల్లో లిసాండ్రో అనే అతను మా దగ్గరికి వచ్చాడు. రైల్వేలో సమ్మె చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు ఊరూరా తిరిగి కౌలుదార్ల సంఘాలు పెడుతున్నాడు. మంచివాడే గానీ మాట సన్నగా సాగదీస్తాడు.

"కామ్రేడ్ ఉబల్దీనా, ముందు మంత్రిగారికి అర్జీ పెడదాం. చట్టం మనవైపే ఉంది."

"మా మామగారు జీవితమంతా అర్జీలే పెట్టాడు బాబూ. మా మొక్కలు నాటేశాం. నీ చట్టాన్ని వచ్చి వాటికి నీళ్లు పొయ్యమను."

అందరూ నవ్వారు. లిసాండ్రో కూడా నవ్వాడు. ఆ తర్వాత మా కొండ మీదా సంఘం పెట్టి, అర్జీ మాట తగ్గించి, పీకడానికి వస్తే ఏం చేయాలన్నది మాట్లాడాడు.

వచ్చారు. ఎస్టేటు కాపలావాళ్లూ, పట్నం పోలీసులూ కలిసి వచ్చారు. మొదట వదిన చెక్కకే వచ్చారు. మేం ఆడవాళ్లం వెళ్లి మొక్కల మధ్య కూర్చున్నాం. బూట్లతో తొక్కారు, మొక్కల్ని పీకారు, మమ్మల్ని ఈడ్చారు. ఒక మొక్కను వదిన రెండు చేతులతో పొట్టకు అదుముకుని ముడుచుకుపోయింది. కుర్ర పోలీసు ఒకడు ఆమె జడ పట్టుకుని లాగాడు.

"నువ్వు కింద లోయలో కౌలుదారు కొడుకువి కదూ? మీ అమ్మ కూడా బుట్ట కట్టుకునేదే కదా" అంది ఆమె, నేల మీంచే. "ఇంటికెళ్లి ఆమెకు చెప్పు, ఇవాళ ఏం కోశావో."

వాడి చెయ్యి సడలింది. వెనక నుంచి ఇంకొకడు వచ్చి తుపాకీ మడమతో కొట్టాడు. వదినను పట్నం జైలుకు తీసుకెళ్లారు. నేరం ఏమిటో తెలుసా, ఎస్టేటు ఆస్తికి నష్టం కలిగించడం. పీకినవాళ్లది కాదు నష్టం, నాటినదానిది.

అప్పటికి ఎస్టేటు తోట ఎర్రగా పండి కోతకు సిద్ధంగా ఉంది. తెల్లారి పని గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. మళ్లీ కొట్టారు. మేం గుమ్మాల్లో కూర్చుని ఆ గంట వింటూ ఉన్నాం. మధ్యాహ్నానికి మొంకాదాయే స్వయంగా గుడిసె గుడిసెకూ తిరిగాడు. "మీ అందరి పేర్లూ నాకు తెలుసు" అన్నాడు. "మీ పేరు కూడా మాకు తెలుసండి" అన్నాడు బెలార్మీనో తాత, బహు మర్యాదగా.

మొంకాదా చలి కొండల నుంచి కూలీలను లారీల్లో దింపించాడు. వంతెన దగ్గర మా ఆడవాళ్లం అడ్డంగా నిలబడ్డాం. ఆ కూలీలూ మాలాంటి బక్క ప్రాణులే, దారిలో తిండి కూడా పెట్టలేదట. సంఘం కుండల్లోంచి కర్రపెండలం పులుసు పోసి, మా సంగతి చెప్పాం. చాలామంది తిని, మూతులు తుడుచుకుని, నడిచే వెనక్కి పోయారు. అది చూసి కాపలావాళ్లు వంతెన మీద తుపాకులు పేల్చారు. గుండు మాతో వచ్చిన బెలార్మీనో తాత తొడలోంచి పోయింది. ప్రాణం దక్కింది గానీ కాలు ఈడ్చుకుంటూనే బతికాడు. పేల్చినవాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

పళ్లు రాలడం మొదలైంది. కొండంతా పులిసిన వాసన, ఈగలు. అప్పుడు దొరకు మేం గుర్తొచ్చాం. దోన్ లెయోనీదాస్ బొగొతా నుంచి దిగి, వదినను జైలు నుంచి బంగళా వరండాలోకి పిలిపించాడు. మేం కింద కళ్లంలో నిలబడి అంతా విన్నాం.

"చూడమ్మా, నీ చెక్క నీకే ఉంటుంది. నీ కాఫీ మొక్కలు నువ్వు మళ్లీ పెట్టుకో. నీ మాట వింటారట వీళ్లు. కోతకు రమ్మని చెప్పు."

"మరి వీళ్ల మొక్కలు?"

"అది వేరే సంగతి."

"మా ఆయన్ని ఆ కొయ్యలో వేశారు దొరగారూ. ఇక్కణ్నుంచి కనబడుతోంది చూడండి."

"అది నాకు తెలియకుండా జరిగింది. నేను రాజధానిలో ఉన్నాను."

"మీకు తెలియకుండా చేయడానికే కదా మొంకాదాకు జీతం ఇచ్చేది."

దొర మొహం ఎర్రబడింది. వదిన ఇంకొక్క మాట అంది. అందరి మొక్కలూ ఉండాలి, మొంకాదాను జడ్జి ముందు నిలబెట్టాలి, అప్పుడే బుట్ట కట్టుకుంటాం అని. మళ్లీ జైలుకే తీసుకెళ్లారు.

ఇంకొన్నాళ్లు రాలిన పళ్ల వాసన పీల్చాక దొర లొంగాడు. లిసాండ్రోనూ సంఘం పెద్దలనూ కూర్చోబెట్టుకుని ఒప్పందం చేసుకున్నాడు. మా చెక్కల్లో కాఫీ వేసుకోవచ్చు. ఊడిగం తగ్గుతుంది. ఉబల్దీనాను విడిచిపెడతారు. బొండకొయ్యను మేమే గొడ్డళ్లతో నరికి పొయ్యిల్లో పెట్టుకున్నాం. ఆ రాత్రంతా కొండ మీద గిటార్లు మోగాయి. జైలు నుంచి వచ్చిన వదిన అందరి మధ్యలోంచీ నడిచి నేరుగా లిసాండ్రో ముందుకొచ్చి నిలబడింది.

"మొంకాదా సంగతి?"

"వేరే ఎస్టేటుకు పంపేస్తున్నారు. ఇక్కడ ఉండడు."

"నేనడిగింది అది కాదు."

లిసాండ్రో నేల చూశాడు. "అది పట్టుబడితే మిగతావన్నీ పోయేవి కామ్రేడ్."

"అంటే మా ఆయన్ని బేరంలో కొసరు వేసేశారన్నమాట."

నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. లిసాండ్రో చెప్పింది అబద్ధం కాదు. అందరి పొట్టలూ నిండాయి. కానీ ఒక మనిషిని వానలో కట్టేసి చంపినవాడు ఇంకో ఎస్టేటులో ఇంకో కంచరగాడిద ఎక్కి తిరుగుతుంటే, దాన్ని గెలుపనడానికి నా నోరు రాదు. వదిన ఆ తర్వాత లిసాండ్రోతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. అయినా సంఘం మీటింగు ఒక్కటీ మానలేదు. ముందు వరసలో కూర్చుని, ఓటు వేయాల్సి వస్తే చెయ్యెత్తి, లేచి వచ్చేసేది.

తర్వాత ఎస్టేటు ముక్కలై అమ్మకానికొచ్చింది. మేం చెమటోడ్చి బాగుచేసిన నేలను మేమే కొనుక్కోవాల్సి వచ్చింది. వదిన కూడా కొంది, తిట్టుకుంటూ. "మా ఆయన పడుకున్న మట్టికి కూడా వెల కట్టారేమో కనుక్కో" అంది నాతో, సంతకం పెట్టి బయటికొచ్చాక.

కొన్నేళ్లకు బొగొతా వీధుల్లో లిబరళ్ల పెద్ద నాయకుణ్ని ఒకణ్ని కాల్చి చంపారు, దేశమంతా తగలబడింది. అప్పటికే మళ్లీ గద్దెనెక్కిన కన్సర్వేటివులు పల్లెల మీదికి పోలీసులను వదిలారు. మొంకాదా పక్క ఊరికి మేయరయ్యాడు. అలాంటివాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక కుర్చీ దొరుకుతుంది. ఒకనాడు పొద్దున్నే పోలీసులను వెంటేసుకుని మా వంతెన దాకా వచ్చాడు, సంఘంవాళ్ల ఇళ్లు సోదా చేయాలని. వంతెనకు ఇవతల మా వాళ్లంతా కత్తులూ వేట తుపాకులూ పట్టుకుని నిలబడి ఉన్నారు. వదిన ముందుంది. జుట్టు నెరిసింది, చేతిలో అరటి గెలలు నరికే కత్తి.

"నువ్వింకా పోలేదా?" అన్నాడు మొంకాదా.

"నువ్వు రాకుండా నేనెలా పోతాను?"

అతను వెనక ఉన్న పోలీసుల సంఖ్యనూ, ఎదురుగా కొండ పొడుగునా నిలబడ్డ మనుషులనూ చూశాడు. కంచరగాడిదను తిప్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో గుడిసెలు కాలి, శవాలు నదిలో తేలుతున్న ఆ ఏళ్లలో మా కొండ మీద ఒక్క ఇల్లూ తగలబడలేదు.

మొంకాదా ముసలివాడై, రాజధానిలో, మెత్తటి పరుపు మీద పోయాడు. చర్చిలో అతనికి పెద్ద ప్రార్థన జరిపించారట. ఆ కబురు తెచ్చినవాడు, "పోనీలే అమ్మా, ఇక క్షమించెయ్యి, మనసు తేలికవుతుంది" అని వదినకు సలహా చెప్పాడు.

ఆమె పళ్లు కోస్తోంది. చెయ్యి ఆపలేదు.

"వచ్చి అడిగాడా నన్ను?"

"ఎవరు?"

"క్షమించమని. వాడొచ్చి అడిగాడా?"

"లేదు."

"మరి నువ్వెందుకు అడుగుతున్నావు? పక్కకు జరుగు, కొమ్మ విరుగుతుంది."