సొరచేప, సంచి జంతువు, మా బాబాయి పరువు

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్. ఒంగోలులో బాబాయి పోయారని.

రెండుసార్లు చదివాను. ఆ మనిషి కూడా పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు. షాకే.

ఏడుపు మాత్రం రాలేదు.

అప్పట్నుంచి అందరూ పోస్టులు పెడుతున్నారు. గ్రేట్ జువాలజీ లెక్చరర్, దేవుడు, ఫ్యామిలీకి పెద్ద దిక్కు.

నా వల్ల కాదు. నాకు తెలిసిన మనిషి గురించి రాస్తాను.

పంతొమ్మిది వందల అరవైల్లో గుంటూరులో ఆయన ఇంట్లో ఉండి పీయూసీ చదివాను. ఆయన్ని చదివించడానికి మా నాన్న పొలం అమ్మేశారు. నాన్న పోయాక ప్రత్తిపాడులో అమ్మ పత్తి తీయడానికి కూలికి వెళ్లేది. బాబాయి గుంటూరులో ఆ సంగతి ఎవరికీ తెలియనిచ్చేవారు కాదు. వదినగారు పొలం చూసుకుంటున్నారని చెప్పేవారు.

బాబాయి పాఠాలు చెప్పే మా కాలేజీలో ఎగ్జిబిషన్ పెట్టి నాకు రెండు చార్టులు ఇచ్చారు. ఒకటి సముద్రం అడుగున చీకట్లో తిరిగే సొరచేప. రెండోది ఆస్ట్రేలియాలో ఉండే ఎలుకంత సంచి జంతువు. కంపేర్ చేసి చెప్పాలి.

సొరచేప పిల్ల పుట్టగానే తన దారి తను చూసుకోవాలి, తల్లి పట్టించుకోదు. ఈ చిన్నదాని పిల్ల బియ్యపు గింజంత పుట్టి, తల్లి పొట్టకున్న సంచిలో పాలు తాగి పెరుగుతుంది. బాగానే చెప్పాను. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడకు మాత్రం ఆ సంచి సంగతి అర్థం కాలేదు.

నన్ను చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ జనంలో కనిపించింది. చేయి పట్టుకుని లాక్కొచ్చాను.

"మా అమ్మ పత్తి తీసేటప్పుడు ఇట్టా ఒడి కట్టుద్దండి. మా తమ్ముణ్ణి అందులోనే వేసుకుని సాళ్లన్నీ తిరిగేది."

అమ్మ సిగ్గుపడుతూనే కొంగు దోపి ఒడి కట్టి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు ఎవరని అడిగితే, "లెక్చరర్ గారి వదిన్నండీ" అంది సంబరంగా.

బాబాయి పక్కనే ఉన్నారు. మొహం మాడిపోయింది.

ఇంటికి రాగానే మొదలు. "కూలిదాని కూతురివని ఊరంతా చాటింపు వేశావు కదే! చదివింది చాలు, పో!"

అమ్మ కాళ్లు పట్టుకుంది. ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

నాకు బీఎస్సీ జువాలజీ చదవాలని ఉండేది. ఆ వారమే అమ్మ పక్క సాలులో పత్తి తీశాను. నా చదువు అంతటితో సరి.

ఇప్పటికీ కోపం చల్లారలేదు. పోయినవాళ్ల గురించి ఇలా రాస్తారా అనేవాళ్లు నన్ను బ్లాక్ చేసుకోండి.

పెద్దకర్మకు వస్తున్నాను. అంత జనంలో, పత్తి కూలికి వెళ్లిన సుబ్బమ్మ కూతుర్ని, ఈయనకు సొంత అన్న కూతుర్ని అని గట్టిగా చెబుతాను.

ఇక దాచుకోవాల్సిందేమీ లేదు బాబాయ్. ప్రశాంతంగా పడుకోండి.