పాటలు పోగొట్టింది ఆమె కాదు

మా బంధువుల పెళ్లిళ్లలో నలుగు పెట్టే వేళకు ఎవరో ఒకరు మా అమ్మను తలుచుకుంటారు. ఆమె ఉంటే ఈపాటికి పాట అందుకునేది అంటారు. ఆ వెంటనే ఇంకొకరు గొంతు తగ్గించి, "క్యాసెట్లలో అంతా ఉన్నింది గదమ్మా. కోడలు ప్లగ్గు పీకి పోగొట్టింది," అంటారు. మొన్న మదనపల్లెలో మా మేనమామ మనవరాలి పెళ్లిలో కూడా విన్నాను. ఆ మాట అన్నామెకు నేను వెనక కుర్చీలో ఉన్న సంగతి తెలియదు. తెలిసినా అనేదేమో. అది అందరికీ తెలిసిన విషయం. అందరికీ చెప్పింది నేనే. చెప్పింది అబద్ధం.

మా అమ్మ బడికి పోలేదు. మదనపల్లెలో మా వీధిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పెళ్లి కుదిరితే ఆమెకు ముందుగా పిలుపు వచ్చేది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, ఎన్ని వచ్చో ఆమెకే లెక్క లేదు. తొంభైల నడుమ మా చెల్లెలికి పుంగనూరు దగ్గర పల్లెలో సంబంధం కుదిరింది. తను వెళ్లిపోయేలోగా అమ్మ పాటలన్నీ పట్టుకోవాలని చెల్లెలు పంతం పట్టింది. మధ్యాహ్నం పనులు అయ్యాక బియ్యం డబ్బా మీద టేప్‌రికార్డర్ పెట్టి, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టేది. ఆ క్యాసెట్లలో పాటలే కాదు, వాళ్లిద్దరి మాటలూ ఎక్కాయి.

"ఇది వింటాండాదా, ఊరికే తిరగతాండాదా?" అని అమ్మ.

"వింటాండాది. నువ్వు పాడుమా."

"వియ్యపురాలిని తిట్టేది పాడితే మీ అత్త వింటాదేమో సూసుకో. పెండ్లి నిలిచిపోతే నాది పూచీ కాదు."

పద్నాలుగు క్యాసెట్లు అయ్యాయి. చెల్లెలు అత్తవారింటికి వెళ్తూ వాటిని చీరల మధ్య పెట్టుకుని తీసుకుపోయింది. తర్వాత కొన్నేళ్లకు అమ్మ పోయింది. ఏడాదికొకసారి, అమ్మ పోయిన రోజున, చెల్లెలు ఒకే ఒక్క క్యాసెట్ వేసుకునేది. ఎక్కువ వేస్తే అరిగిపోతుందని భయం. ఒక ఏడాది ఆ ఒక్కటీ టేప్‌రికార్డర్‌లో చిక్కుకుంది. పెన్ను దూర్చి చుట్టి మళ్లీ వేస్తే, అమ్మ గొంతు నీళ్లలో మునిగి పాడుతున్నట్టు వచ్చిందట. ఫోన్ చేసి ఏడ్చింది.

"అన్నా, నువ్వు కంప్యూటరోడివి గదా. ఏమన్నా సెయ్‌."

నేను అప్పటికి కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉండేది. దానికి మూడు నెలలకొకసారి వైరస్ పట్టేది. మెకానిక్ వచ్చి, "ఫార్మాట్ కొట్టేస్తా సార్," అనేవాడు. కొట్టాక అందులో ఉన్న ఫోటోలన్నీ పోయేవి. పాటలను అందులో పెట్టడానికి మనసు ఒప్పలేదు. మా ఆఫీసులో డ్రాయింగులన్నీ ఒక మూల చిన్న పెట్టెలో ఉండేవి. వైరు ద్వారా ఏ కంప్యూటర్‌లోంచైనా వాటిని తెరిచేవాళ్లం. ఏ కంప్యూటర్ చెడిపోయినా పెట్టెలోవి పదిలంగా ఉండేవి. అలాంటివే ఇళ్లకూ చిన్నవి వస్తున్నాయని తెలిసి, ఒక ఆదివారం రైలెక్కి బెంగళూరు వెళ్లాను.

అంగడివాడు తమిళం కలిసిన తెలుగులో బాగా విడమరిచి చెప్పాడు. "దీన్లో రెండు డిస్కులు ఉంటాయి సార్. ఒకటే రాత రెండిట్లోనూ రాస్తాది. ఒకటి సచ్చిపోతే ఇంకోటి ఉంటాది. మీకు భయం లేదు." రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత పెట్టె. ముందువైపు రెండు పచ్చ లైట్లు. రైల్లో దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చాను.

ఆ సాయంత్రం దాన్ని బిగిస్తుంటే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. రెండు డిస్కుల్లోనూ ఒకటే రాయాలా, రెండూ కలిపి ఒకటిగా చేయాలా? మొదటిది ఎంచుకుంటే సగం చోటే మిగులుతుంది. రెండోది ఎంచుకుంటే మొత్తం మనదే, కానీ ఒక్క డిస్కు చెడితే అన్నీ పోతాయి. ఈ సంగతి అక్కడే రాసి ఉంది. నేను చదివాను. అర్థం కాక చేశానని చెప్పుకోవడానికి లేదు. ఆఫీసులో స్నేహితులు ఇచ్చిన సినిమాలు నా దగ్గర గుట్టగా ఉన్నాయి. వాళ్ల ముందు మా ఇంటి పెట్టె ఎంత పెద్దదో చెప్పుకోవాలని కూడా ఉంది. కొత్త డిస్కులు, అప్పుడే ఎందుకు చెడతాయి అనుకున్నాను. రెండూ కలిపేశాను.

చెల్లెలు పంపిన క్యాసెట్లలోంచి పాటలను పెట్టెలోకి ఎక్కించింది నేను కాదు, నా భార్య. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి ఎలా చేయాలో చూపించాను, అంతే. క్యాసెట్ ఎంతసేపు ఉంటే అంతసేపూ పక్కన కూర్చోవాలి. వంట అయ్యాక మధ్యాహ్నాలు ఆమె కూర్చునేది. వేసవి మొదట్లో మొదలుపెడితే వానలు పడేదాకా పట్టింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఒక్కో క్యాసెట్‌నూ మళ్లీ మళ్లీ విని, ఏ క్యాసెట్‌లో, ఏ పక్క, ఏ పాట ఉందో, ప్రతి పాట మొదటి చరణంతో సహా రాసుకుంది. మధ్యలో వినిపించినవీ రాసింది. 'ఇక్కడ అత్త దగ్గింది.' 'ఇక్కడ కుక్క మొరిగింది, అత్త దాన్ని తిట్టింది.'

అన్నిసార్లు వింటే రాకుండా ఎలా ఉంటుంది. వంటింట్లో పని చేస్తూ ఆమె ఆ పాటలు పాడుకోవడం మొదలైంది. చెల్లెలు క్యాసెట్లు తిరిగి తీసుకుపోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు వంటింటి గడప దగ్గర ఆగిపోయి విన్నది.

"వదినా, ఆ సివర అట్ల కాదు. మా యమ్మ కొంచెం సాగదీస్తాది."

"నువ్వు పాడు, సూస్తాం."

"నాకు గొంతు యాడుండాది? మా యమ్మ నన్ను పాడొద్దని దండం పెట్టేది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నా భార్య సాగదీసి మళ్లీ పాడింది. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

పుంగనూరు వైపు పొద్దుతిరుగుడు చేలకు చిలకల బాధ ఎక్కువ. పాత క్యాసెట్ల రీలు తీసి చేను చుట్టూ, అడ్డంగా, నిలువుగా కడతారు. గాలికి అది ఝుమ్మని మోగుతుంది, ఎండకు తళతళ మెరుస్తుంది, చిలకలు దగ్గరికి రావు. అప్పటికి అందరి ఇళ్లలోకీ సీడీలు వచ్చేసి పాత క్యాసెట్లన్నీ చేల పాలవుతున్నాయి. చెల్లెలి భర్త తన దగ్గరున్న సినిమా పాటల క్యాసెట్లన్నీ కట్టాడు. ఇంకా సగం చేను మిగిలింది. చెల్లెలు నాకు ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మవి ఇంగ పెట్టెలో ఎక్కినాయి గదా. ఈయన ఈటిని అడగతాండాడు. ఇచ్చేసేదా?"

"ఇచ్చెయ్‌."

"ఏం కాదు గదా?"

"రెండు కాపీలు ఉండాయిమా. ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది."

అంగడివాడి మాటలే ఆమెకు అప్పజెప్పాను. అవి నిజం కాదని నాకు తెలుసు. ఆ రోజైనా కూర్చుని డిస్కులను విడదీసి ఉంటే సరిపోయేది. సినిమాలు తీసేయాల్సి వచ్చేది, అంతే. వచ్చే ఆదివారం చూద్దాం అనుకున్నాను.

ఏడాది దాటాక పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం మొదలైంది. నా భార్యే ముందు విన్నది. "ఏమండీ, అది అట్ల కొట్టుకుంటాండాదే, ఒకసారి సూడండి," అంది. ఫ్యాన్‌లో దుమ్ము పడి ఉంటుందిలే అన్నాను. పది రోజులు అలాగే కొట్టుకుంది.

ఒక పొద్దున వంటింటి ప్లగ్గు పాయింటు కాలిపోయింది. ఆమె మిక్సీని హాల్లోకి తెచ్చి, పెట్టె ప్లగ్గు తీసి, మిక్సీది పెట్టి చెనిక్కాయల చట్నీ రుబ్బింది. తిరిగి పెట్టె ప్లగ్గు పెడితే ఒక లైటు ఎర్రగా వెలిగింది. లోపల ఏమీ కనిపించలేదు. నేను కేకలు వేశాను. చట్నీ అంటిన చేతులతో ఆమె అలాగే నిలబడింది. ఆ కోపంలోనే చెల్లెలికి ఫోన్ చేసి, "మీ వదిన ప్లగ్గు పీకేసింది, అన్నీ పోయినాయి," అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్పటికి నేను అన్నది నేను నమ్మిన మాటే. నా తప్పు అసలు మొదలైంది ఆ మరుసటి వారం. పెట్టె తీసుకుని బెంగళూరులో చెడిపోయిన డిస్కులు బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్లాను. అతను రెండు రోజులు పెట్టుకుని చూశాడు.

"మా ఇంట్లో సడన్‌గా ప్లగ్గు తీసినారు," అన్నాను.

"దాని వల్ల కాదు సార్. ఒక డిస్కు లోపల గీసుకోని పోయింది. శానా దినాలుగా సప్పుడు వచ్చుండాలే?"

అతను రెండో డిస్కును నా ముందుకు జరిపాడు.

"రెండోది బంగారం మాదిరి ఉండాది. ఒకటే రాత రెండిట్లో రాసుంటే ఇప్పుడే తీసి ఇచ్చేసేవాణ్ని. ఇది ప్రతి పాటనూ తునకలు చేసి సగం ఇందులో, సగం అందులో పెట్టుండాది. యాల కలిపినారు?"

తిరుగు రైల్లో ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. తలుపు తీసిన నా భార్య ముఖం చూశాను. వారంగా సరిగా తిన్నట్టు లేదు.

"ఏమన్నాడు?" అని అడిగింది.

"ఏమీ రాదంట," అన్నాను. అంతకుమించి చెప్పలేదు. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్లింది. ఆ ఒక్క మాట అక్కడ చెప్పి ఉంటే ఈ రాతతో పని ఉండేది కాదు.

చెల్లెలు ఫోన్ పెట్టేసిన వెంటనే చేలోకి పరుగెత్తిందట. అప్పటికి రెండు పంటలు దాటాయి. రీలు ఎండకు వెలిసి, పట్టుకుంటే పెళుసుగా తెగింది. చేతికి వచ్చినంత చుట్టుకుని ఇంటికి తెచ్చింది, కానీ అది ఏ టేప్‌రికార్డర్‌కూ పనికిరాలేదు. నా భార్య ఒక్కతే కుప్పం నుంచి పలమనేరు, అక్కడి నుంచి పుంగనూరు బస్సులు మారి క్షమాపణ చెప్పడానికి వెళ్లింది. చెల్లెలు చెంబుతో నీళ్లిచ్చి పక్కకు వెళ్లిపోయిందట. సాయంత్రం బస్సుకు ఆమె తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత మా ఇంటికి చెల్లెలు రాలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే నాతో మాట్లాడేది, వదినతో మాట్లాడేది కాదు. బంధువులు అడిగితే నేను తల ఊపేవాణ్ని. ప్లగ్గు అని ఒక్క మాట అంటే చాలు, మిగతాది వాళ్లే చెప్పుకునేవారు.

వంటింట్లో పాట ఆగిపోయింది. చాలా రోజులకు గమనించి, "పాడుకోవడం లేదే," అన్నాను.

"ఏ మొహం పెట్టుకోని పాడేది?" అంది.

అప్పుడైనా చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ అసలు తప్పు కంటే చెప్పకపోవడమే పెద్దదైంది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటుంది, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. రెండు వేల తొమ్మిది చివర ఆమెకు కామెర్లు వచ్చి ముదిరాయి. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకుంది.

"మీ చెల్లెలికి చెప్పండి. నేను కావాలని పీకలేదని."

"చెప్తాలే," అన్నాను.

నిజం చెప్పడానికి ఆ గదిలో ఎవరూ అడ్డం లేరు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది. నేను కిటికీ వైపు చూశాను. మూడో రోజు పోయింది. అత్తగారి గొంతు తన చేతులతో పోగొట్టానని నమ్ముతూనే పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. మా వాళ్లు ఇంకెప్పుడైనా ఆ మాట అనబోతే ఇది గుర్తుంచుకోవాలి. ప్లగ్గు వల్ల ఏమీ పోలేదు. పాటలను పోగొట్టింది నేను. ఆ పాటల కోసం అందరికంటే ఎక్కువ కష్టపడిన మనిషి మీద నింద వేసి, ఆమె బతికున్నంత కాలం దాన్ని దించలేదు.

ఆమె పోయిన నాలుగు నెలలకు నోట్‌బుక్ తీసుకుని చెల్లెలి ఇంటికి వెళ్లాను. వసారాలో టమోటాలు ఏరి పెట్టెల్లో సర్దుతోంది. ఎదురుగా కూర్చుని తెర మీద వచ్చిన ప్రశ్న నుంచి బెంగళూరు మనిషి మాట దాకా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. పచ్చివి ఒక వైపు, పండినవి ఒక వైపు వేస్తూనే విన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"వదినకు చెప్పినావా?"

"లేదు."

అప్పుడు చేతులు ఆగాయి.

"ఆయమ్మకు అన్నీ వచ్చినాయి గదా అన్నా. సాగదీసేది కూడా నేర్చుకున్నింది. నేను ఒక్క మాట పలకరించుంటే పాడుండేది. నా బిడ్డ పెద్దమనిషి అయినప్పుడు ఈ గడపలోనే ఒక మూల కూసోని ఉన్నింది. నేను అడగలేదు."

నేను నోట్‌బుక్ ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని తెరిచింది. మొదటి పేజీలో మొదటి చరణం మెల్లగా పాడబోయింది. తర్వాతది రాలేదు. పేజీ తిప్పింది. అక్కడా మొదటి చరణమే ఉంది. అలా వేలు పెట్టి గీతగీతా చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగి పైకి చదివింది.

"'పదకొండో క్యాసెట్టు, రెండో పక్క. ఇక్కడ అత్త బాగా నవ్వింది. ఎందుకో తెలియలేదు. ఆడబిడ్డను అడగాల.'"

"అడిగిందా?" అన్నాను.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. నోట్‌బుక్ మూసి ఒళ్లో పెట్టుకుంది. అమ్మ ఎందుకు నవ్విందో ఆమెకు గుర్తుంది, ముఖంలో తెలుస్తూనే ఉంది. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.