చుక్కాని పట్టిన చెయ్యి

ముత్యాలయ్యకు పరువు పిచ్చి. అది లేనివాడు ఎవడుంటాడు గానీ, ఆయనకున్నంత మాత్రం పగవాడికి కూడా వద్దు బాబూ! ఆ తీరంలో చుక్కాని పట్టడంలో ఆయనకు సాటి లేరని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి భార్య పిచ్చమ్మ తమ్ముణ్ణి, సొంత బావమరిదిని, సముద్రానికి కాకుండా చేశాడు.

ముందు ఆ సంగతి చెప్పాలి. ఒక వానాకాలం పొద్దున పడవ వేట నుంచి తిరిగొస్తోంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు విరిగిపడుతున్నాయి. పడవ ముందు కూర్చుని ఎటు పోవాలో చేత్తో చూపించేవాడు బావమరిది శివశంకర్. వెనక చుక్కాని ముత్యాలయ్యది. చుక్కానిని కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది, ఎడమకు నెడితే కుడికి. శివశంకర్ ఎడమకు పొమ్మని చెయ్యి చాపాడు. ముత్యాలయ్య అల చూసి కంగారుపడి, నిన్న మొన్న పడవెక్కినవాడిలా చుక్కానిని కూడా ఎడమకే నెట్టేశాడు. పడవ కుడికి తిరిగి ఇసుకమేట ఎక్కి బోల్తా పడింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. వలలు, ఇంజను పోయాయి.

ఒడ్డున ఊరంతా మూగింది. ఏం జరిగిందని పెద్దలు అడిగారు.

"వాడు చెయ్యి తప్పు చూపిచ్చినాడు" అన్నాడు ముత్యాలయ్య.

శివశంకర్ తడిబట్టలతో నిలబడి బావ మొహంకేసి చూశాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్క కాపురం కళ్లముందు మెదిలిందో ఏమో. ఆ తర్వాత ఏ పడవవాళ్లూ అతన్ని వేటకు రమ్మనలేదు. మైపాడు బీచిలో చేపల వేపుడు బండి పెట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి చేపలు వేయిస్తూ ముసలివాడయ్యాడు. నిజం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ముత్యాలయ్యా ముసలివాడయ్యాడు. ఈలోగా పిచ్చమ్మ పోయింది. బావా బావమరుదులు ఎక్కడైనా ఎదురుపడితే బాగుండావా అంటే బాగుండా, అంతే.

ఈ వేసవిలో మనవరాలు భానుప్రియ ఆయన్ని బీచికి లాక్కుపోయింది. ఆ బండి వైపు వద్దే తల్లీ అంటే వింటేగా! బండి పక్కనే కొత్తగా ఆటల షెడ్డు వేశారు. లోపల గోడంత తెర. పైనుంచి రంగుల దిమ్మెలు పడుతుంటాయి. సందు లేకుండా పేరిస్తే వరస మాయమవుతుంది, లేకపోతే గుట్ట పెరిగి తెర పైఅంచును తాకి ఆట ముగుస్తుంది. ఆడడానికి మనిషెత్తు లివరు, పళ్లెమంత బటను. లివరు దిమ్మెను పక్కకు జరుపుతుంది, బటను తిప్పుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇద్దరుండాలి.

"తాతా, లివరు నువ్వు పట్టుకో. అచ్చం చుక్కానే!" అంది భానుప్రియ, బటను దగ్గర నిలబడి.

దిమ్మె ఎడమకు పోవాలి. ఆయన చెయ్యి లివరును కుడికి తోసింది. దిమ్మె కుడికే పోయింది. మళ్లీ అంతే. "అటు కాదు తాతా, ఇటు!" అని ఆ పిల్ల ఒకటే గోల. నెల్లూరు నుంచి వచ్చిన జనం పకపకా నవ్వుతున్నారు. ముత్యాలయ్యకు చెమటలు పట్టాయి. మొగ దగ్గర ఆ ఒక్కరోజు ఎక్కడ చచ్చిందో గానీ, ఆ పాడు అలవాటు ఇప్పుడు వదలనంటోంది.

నవ్వులు విని శివశంకర్ గరిటె పట్టుకునే లోపలికొచ్చాడు. రెండు దిమ్మెలు పడేసరికి సంగతి అర్థమైపోయింది. భానుప్రియను పక్కకు జరిపి బటను దగ్గర నిలబడ్డాడు.

"కుడికి పోనీ బావా!" అని అరిచాడు.

ముత్యాలయ్య చెయ్యి తనంతట తానే లివరును ఎడమకు నెట్టింది. దిమ్మె ఎడమకు పోయి సందులో కూర్చుంది. శివశంకర్ అన్నీ తలకిందులుగా చెబుతున్నాడు, అన్నీ సరిగ్గా పడుతున్నాయి! నవ్వినవాళ్లే ఈలలు వేశారు. ఇద్దరూ పాత పడవలో లాగే అరుచుకుంటూ, తిట్టుకుంటూ ఆడారు. అయ్యో, ఈ ఆట అయిపోకుండా ఉంటే బాగుండు అనుకున్నాడు ముత్యాలయ్య. కాసేపటికి అయిపోయింది.

"అదేంది? ఆయన కుడి అంటే నువ్వు ఎడమకి తోసినావు?" అంది భానుప్రియ.

జవాబు శివశంకర్ చెప్పాడు. "మీ తాత చుక్కాని పట్టి పెరిగినోడమ్మా. పోవాల్సిన పక్కకి ఎదురు తోస్తాడు. నిద్దర్లో లేపినా ఆ చెయ్యి తప్పదు."

అందులో ఎగతాళి లేదు. అదే ముత్యాలయ్య ప్రాణం తీసింది. లివరు వదిలి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పినాది రా శంకరా. ఆ దినం నువ్వు సరిగ్గానే చూపిచ్చినావు. నా చెయ్యే తప్పినాది."

"నాకు తెలవదా బావా? వెనక్కి తిరిగి చూసినా గదా." శివశంకర్ గొంతు పెంచలేదు. "ఊరందరి ముందర అన్నావు ఆ మాట. ఊరందరి ముందర నువ్వే దిద్దుతావని చానా కాలం చూసినా."

"ఇప్పుడే చెప్తా. పద, ఊళ్లోకి పోదాం."

"ఎవరికి చెప్తావు? ఆ పెద్దోళ్లలో ఎవరుండారు?"

ముత్యాలయ్య ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. ఒక్కరూ మిగల్లేదు.

"వాళ్ల సంగతి పోనీ బావా. మా అక్కకైనా చెప్పినావా? 'చెయ్యి సరిగ్గా చూపిచ్చుంటే ఈ బండి బతుకు ఉండేది కాదు గదరా' అని, పోయేదాకా నన్ను చూసి ఏడస్తానే ఉండింది."

చేపలు మాడిపోతాయంటూ శివశంకర్ బండి దగ్గరకు నడిచాడు. భానుప్రియ తాత మొహంకేసి చూసి, ఆయన్ని తీసుకొచ్చి బండి పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది. అడక్కుండానే శివశంకర్ పళ్లెంలో రెండు ముక్కలు వేసి బావ ముందు పెట్టాడు.