రేవు హాలు కంచు పిన్ని

పడవల రేవు హాల్లో మైకు పాడైనా ఎవరూ కంగారుపడేవారు కాదు. పడవల వేళలు కేకేసి చెప్పే కంచు పిన్ని ఉండేది. ఆమె గొంతు విప్పితే అవతలి ఒడ్డున నిద్రపోతున్న కుక్క లేచి కూర్చునేదట. ఇంట్లో ఆవిడ గుసగుసగా తిట్టినా వీధంతా వినాల్సిందేనని మొగుడి బాధ.

ఏటి మీద వంతెన పడింది, పడవలు ఆగాయి. హాలు కొన్నాళ్లు కుర్చీల గోదాము, ఆ తర్వాత పెళ్లిళ్ల హాలు అయింది. పిన్ని మాత్రం మారలేదు. మొదటి పెళ్లిలో, ఫొటో దిగేవాళ్లని పిలవమని మైకు చేతికిచ్చారు. అలవాటు ఊరుకుంటుందా?

"ఆఖరి పడవ బయలుదేరుతోంది! సామాన్లు చూసుకోండి!"

పెళ్లికొడుకు మేనమామ చేతిలో ప్లేటుతో సహా రేవుకేసి పరుగెత్తాడు. ఆయన వెనక సగం బలగం.

"పిన్నీ, పెళ్లికొచ్చినవాళ్లని ఏట్లో కలుపుతావా?" అని హాలు యజమాని తల పట్టుకున్నాడు.

ఆయనా చేతులెత్తేశాక అక్కడ కంటి ఆస్పత్రి వెలిసింది. రోగుల్ని మెల్లగా పిలవమంది డాక్టరమ్మ. పిన్ని మెల్లగానే పిలిచింది. పక్కవీధి మంగలి షాపులోంచి ఒకాయన సగం గడ్డంతో వచ్చేశాడు.

ఇంతలో వంతెనకి బీట పడింది. మరమ్మతయ్యేదాకా మళ్లీ పడవలే గతి. ఒకే హాల్లో అటు రోగులు, ఇటు ప్రయాణికులు. "రండి రండి!" అని పిన్ని అరవగానే ఎవరి తొందర వాళ్లది. తమ్ముడింటికి బయలుదేరిన పంతులుగారు డాక్టరమ్మ ముందు తేలారు. గోడ మీది అక్షరాలు చదవమంటే, "గోడ ఎక్కడమ్మా?" అన్నారు. ఆయనకి శుక్లాలున్నాయని అప్పుడే తెలిసింది.

కంట్లో చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకున్న దర్జీ అక్క జనంతో పాటు పడవెక్కేసింది. "కాస్త ఫ్యాను తగ్గించండి" అంటోంది.

పిన్ని అది ఆలస్యంగా చూసింది. గట్టు మీదకి ఉరికి, "పడవాపండోయ్!" అని ఒకే ఒక్క కేక. ఏటి మధ్యకెళ్లిన పడవ వెనక్కి తిరిగింది.

"దిగు తల్లీ, నువ్వెక్కింది పడవ!"

"పడవా? నేను దిగను పిన్నీ. కుట్టుమిషను వదిలి ఆ ఒడ్డుకి వెళ్లి ఎన్నేళ్లయిందో! చుక్కలు పనిచేసేదాకా ఎలాగూ ఖాళీయేగా."

గుమ్మంలోంచి డాక్టరమ్మ నవ్వుతూ వెళ్లిరమ్మని చెయ్యూపింది. పిన్ని కూడా ఎక్కి దర్జీ అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. దారి పొడవునా కనిపించిందల్లా వర్ణించి చెప్పింది. పడవలో మిగతావాళ్లు చెవులు మూసుకుని విన్నారు.