సాక్ష్యం మధ్యలో ఒక ప్రశ్న

ఆ ఆదివారం చర్చిలో ఒకామె సాక్ష్యం చెబుతుండగా నేను లేచి నిలబడి, "ఏ దవాఖాన? కాయితం ఉన్నదా?" అని అడిగాను.

ఆమె తన గొంతు దగ్గరి గడ్డ గురించి చెబుతోంది. డాక్టరు సూది గుచ్చి చూసి ఏమీ దొరకలేదన్నాడనీ, ప్రభువే దాన్ని తీసేశాడనీ చెప్పి, చివరి స్తోత్రం చెప్పబోతోంది. వనపర్తిలోని ఆ రేకుల షెడ్డులో ఉన్నవాళ్లంతా తిరిగి నావైపు చూశారు. ఆడవాళ్ల వరుసలో ఉన్న నా భార్య తల దించుకుంది.

పాస్టరు నవ్వాడు. "బ్రదర్ అడిగిండు గద, చెప్పమ్మా" అన్నాడు. ఆ నవ్వునూ నేను అనుమానించాను.

"నాగర్‌కర్నూల్ల సూపించుకున్న. కాయితాలు ఇంట్ల ఉన్నయ్. తెచ్చి సూపిస్త, అన్నా" అందామె.

గద్వాలలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ విలేకరిగా పనిచేసి, రిటైరయ్యాక వనపర్తిలో ఇల్లు తీసుకున్నాను. ఇక్కడ మాకు తెలిసినవాళ్లు లేరు. దిగిన వారంలోనే ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె గిన్నెలో పచ్చిపులుసు తెచ్చిచ్చింది. పెద్దమందడి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. సాక్ష్యం చెప్పింది ఆమే. ఈ ఊళ్లో నా భార్యకు దొరికిన ఒక్క స్నేహమూ ఆమెదే. ఆమె వెంట నా భార్య చర్చికి వెళ్లడం మొదలుపెడితే, అక్కడేం జరుగుతోందో చూద్దామని నేనూ వెళ్లాను.

మొదటిరోజే ముగ్గురు నా చేతులు పట్టుకుని వందనాలు చెప్పారు. అందరూ జంపఖానా మీద కూర్చుంటే నాకు మాత్రం కుర్చీ వేశారు. విలేకరికి కుర్చీ వేసినవాళ్లు అతను వెళ్లేలోపు పక్కకు పిలిచి తమ పని కోసం ఒక మాట చెబుతారు. నా ఉద్యోగమంతా చూసింది అదే. ఆ మాట కోసం నాలుగు ఆదివారాలు ఎదురుచూశాను. ఐదో ఆదివారం పాస్టరు నా భుజం మీద చెయ్యి వేసి మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను.

"బ్రదర్, మీకు బీపీ ఉన్నదని సిస్టర్ చెప్పింది. వచ్చే వారం ఇక్కడ భోజనాలున్నయ్. మీ మందం పప్పు వేరే తీసి ఉప్పు తక్కువెయ్యమందునా?"

ఇంతేనా అనుకున్నాను. ఇంతే అయి ఉండదని కూడా అనుకున్నాను. లేచి ప్రశ్న అడిగిన రోజు నా లోపల ఉన్నది ఈ అనుమానమే తప్ప, ఆమె ఆరోగ్యం గురించిన చింత కాదు.

ఇంటికి వస్తున్నప్పుడు దారిపొడవునా నా భార్య నన్ను తిడుతూనే ఉంది. "ఎవలన్న గట్ల అడుగుతరా? గదేమన్న ప్రెస్‌మీటా?"

"సాక్ష్యం అన్నంక అడగొద్దా? కోర్టుల అడుగుతలేరా?"

"అయితే నల్లకోటు కూడ ఆమెతోనే కుట్టిపిచ్చుకో. ఇగ నాతోని మాట్లాడుతదో లేదో."

మరునాడు పొద్దున ఆమె ప్లాస్టిక్ కవరు పట్టుకుని మా గడప ముందు నిలబడింది.

"పాస్టరు పంపిండా?" అన్నాను.

"ఎవలు పంపాలె? ఈడికెల్లి ఆడికి నాలుగడుగులు. ఇంగ్లీషుల ఉన్నయ్. నువ్వే సదువు. ఇన్నేండ్ల సంది గీ కాయితాలు ఎవ్వలడగలే."

నాకు వైద్యం తెలియదు గానీ ఇంగ్లీషు తెలుసు. రిపోర్టు చివరి వాక్యం రెండుసార్లు చదివాను. సూదితో తీసిన నమూనా పరీక్షకు సరిపోలేదనీ, మళ్లీ తీయాలనీ రాసి ఉంది. డాక్టరు ఏమీ దొరకలేదన్న మాట నిజమే. సూదిలోకి వచ్చినదాంట్లో పరీక్షించడానికి తగినంత దొరకలేదని ఆయన అర్థం. గొంతులో ఏమీ లేదని ఈమె విన్నది. తేదీ చూస్తే రెండేళ్లు దాటింది.

నా అనుమానం నిజమైంది. అందుకు సంతోషించలేకపోయాను.

"అంటే గడ్డ ఉన్నట్టా, లేనట్టా?"

"తెల్వదు. మళ్ల సూపించుకోవాలె."

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత, "మరి అన్నా, అందరి ముందట అబద్ధం చెప్పిన్నా?" అని అడిగింది.

నా భార్య లోపలి నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఇన్నదే చెప్పినవ్. ఇప్పుడు నడువు, పాస్టరయ్యగారికి చెప్పి వద్దాం."

పాస్టరు పరీక్షలు వద్దంటాడనీ, విశ్వాసం చాలంటాడనీ అనుకున్నాను. జవాబులు సిద్ధం చేసుకునే వెళ్లాను. ఒక్కటీ పనికిరాలేదు. ఆయన కాగితం చదివి, "రేపే పోదాం" అన్నాడు. ఆడవాళ్లిద్దర్నీ లోపల కూర్చోబెట్టాక నేను ఆయన్ను పక్కకు పిలిచాను. ఈసారి పిలిచింది నేను. ఆ సాక్ష్యం ఇంతకుముందు కూడా విన్నారు కదా, కాగితం ఎందుకు అడగలేదు అన్నాను.

"సంతోషంగ చెప్తున్న మనిషిని ఎట్ల అడుగుతం బ్రదర్?"

అది నిజాయితీగా చెప్పిన జవాబో, తప్పించుకోవడమో నేనింకా తేల్చుకోలేదు.

మర్నాడు నలుగురం ఒకే ఆటోలో దవాఖానకు వెళ్లాం. డాక్టరు గొంతు తడిమి చూసి, గడ్డ లోపలికి ఉందనీ, పైకి తెలియదనీ అన్నాడు. మళ్లీ సూది గుచ్చి తీశారు. ఆమె గుచ్చేటప్పుడు ఏడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చింది. నా భార్య ఆమెను ఒడిలోకి వంచుకుంది. పాస్టరు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ అడగకుండానే ఆమె లేచింది. పత్రికలో తప్పు వార్త మొదటి పేజీలో వేసి, సవరణ లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేయడం నాకు తెలుసు. అలాంటివి నేనూ రాశాను. ఆమె మొదటి సాక్ష్యం చెప్పిన చోటే, అదే మైకులో, "నేను చెప్పింది తప్పయింది. గడ్డ పోలే. నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి" అంది. ఎవరూ గొణగలేదు. నేను కుర్చీలోంచి దిగి జంపఖానా మీద కూర్చున్నాను. ప్రార్థించానని చెప్పలేను. అక్కడి నుంచి లేవాలని మాత్రం అనిపించలేదు.

నమూనాను హైదరాబాదుకు పంపారు. ఆ ఆదివారం తర్వాతి శుక్రవారం రమ్మన్నారు. శుక్రవారం వెళ్తే, రిపోర్టు ఇంకా రాలేదన్నారు.